చక్రములమీది వెండియిల్లు

ఇల్లనగానే మన మనస్సునకు గోడలు, గడప, పొయ్యి, బావి మొదలగు కదలని వస్తువులే తోచును. అయినను మన పెద్దలు ఇంటిని కొంతవఱకు వెంట గొనిపోవుట యెఱుగనివారు కారు. తీర్థములకు పోవునపుడు గూడుబండి కట్టించుకొని, బియ్యపుమూట, పప్పుల డబ్బా, వంటపాత్రలు, పరుపుచుట్ట అందే సర్దుకొని, చీకటిపడినచోట ఎడ్లను విప్పి, చెట్టుక్రింద మూడు రాళ్లు పెట్టి వండుకొనెడివారు.

అమెరికా దేశమున ఈ గూడుబండికి దూరపు చుట్టమువంటి దొకటి కలదు. మోటారుకారు వెనుక తగిలించి లాగుకొనిపోవు ట్రెయిలరు అది. పడకలు, వంటగది, నీళ్లతొట్టి, స్నానపుగది అన్నియు నందే యమరియుండును. వానిలో మిక్కిలి పేరుపొందినది తళతళలాడు అల్యూమినియపు రేకుతో, మూలలు లేక గుండ్రముగా నుండు ఎయిర్‌స్ట్రీమ్ బండి. 50, 60 ఏండ్లనాటి బండ్లను పాత కొట్టములనుండియు, పెరళ్లనుండియు వెదకి కొని, బాగుచేసి మరల వాడుకొనుట ఆ దేశమున ననేక కుటుంబములకు ప్రీతిపాత్రమైన పని. అచ్చట కాపురముండు మన తెలుగు సోదరీమణులలోను సెలవులకు పిల్లలతో జాతీయోద్యానములకు పోవువారు పలువురు కలరు. విడిదిస్థలములలో ఈ వెండిబండిని చూచి మనకు నొకటి యుండిన బాగుండునని తలచుట సహజము. అట్టి తలపు కలిగినపుడు బండిని చూడబోయినవారందఱు దాని మెఱుగును చూతురు. ఇల్లాలు దాని నేలను చూడవలెను. ఏలయో యీ వ్యాసమున మనవి చేసెదము.

వంటయింటి కోరికనుండి పుట్టిన బండి

ఈ బండిని కల్పించినవాడు వాలీ బయమ్. ఇతడు 1896లో ఆరిగాన్ రాష్ట్రమున జన్మించెను. చిన్నతనమున గొఱ్ఱెలను కాయుచు, పొయ్యియు, తిండియు, నీరును అమర్చిన చిన్న బండియింట కాలము గడపెను. పెద్దవాడైన పిమ్మట భార్య మేరియన్‌తో విహారమునకు పోగా, వంటగది లేక గుడారములో నేలమీద పడియుండుట తనకు సమ్మతము కాదని ఆమె నిక్కచ్చిగా చెప్పినదట. అంతట నాతడు మోడల్ టీ ఫోర్డుకారు చట్రముపై చిన్న గూడొకటి కట్టి, అందు పొయ్యి నమర్చెను. దారిన పోవువారు దానిని చూచి ముచ్చటపడగా, నిర్మించు విధము తెలుపు పటములను అమ్మసాగెను. 1931లో ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ వెలసెను. ఒక యిల్లాలి న్యాయమైన కోరిక యెంతదూరము పోయినదో చూడుడు!

రేకుబండి రూపమునకు మూలము విమానము. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ మహాసముద్రమును దాటిన విమానము యొక్క నిర్మాణమున పాలుపంచుకొనిన హాలీ బౌలస్ అను నాతడు 1934లో అల్యూమినియపు రేకులను రివెట్లతో కూర్చి ట్రెయిలరు నొకదానిని చేసెను. ఆ త్రోవనే బయమ్ 1936లో 'క్లిప్పర్' అను బండిని 1,200 డాలర్ల వెలకు బయటపెట్టెను. నలుగురు పండుకొనుటకు చోటు, నీటి వసతి, విద్యుద్దీపములు అందుండెను. రెండవ ప్రపంచయుద్ధమున అల్యూమినియమంతయు విమానములకే వలసినందున ఈ పని నిలిచిపోయి, యుద్ధానంతరము మరల సాగినది. 1952లో ఒహాయో రాష్ట్రములోని జాక్సన్ సెంటర్ అను నూర కర్మాగారము నెలకొల్పబడెను. నేటికిని అచ్చటనే యీ బండ్లు తయారగుచున్నవి.

బయమ్ 1959లో 41 బండ్ల బిడారముతో ఆఫ్రికాఖండపు దక్షిణాగ్రమందలి కేప్‌టౌను నుండి బయలుదేరి, మరుసటి యేట కైరోనగరము చేరెను. ఇట్టి యాత్రల నిర్వహణమున నాతని జ్ఞాతిసోదరి హెలెన్ బయమ్ ష్వామ్‌బోర్న్ చేసిన సేవ గణనీయమైనది. బయమ్ 1962లో మరణించెను. 1969లో చంద్రమండలమునుండి తిరిగివచ్చిన ముగ్గురు వ్యోమగాములను, అచ్చటి సూక్ష్మజీవు లేవేని అంటుకొనివచ్చునేమోయను భయమున, తగిన మార్పులు చేసిన ఎయిర్‌స్ట్రీమ్ బండిలోనే వేఱుగా నుంచిరి. వారి భార్యలు హ్యూస్టను నగరమున ఆ బండి కిటికీ అద్దమునకు ఈవల నిలిచి భర్తలను పలుకరించిరి. చంద్రునిదాక పోయివచ్చినవాడైనను ఇల్లు చేరుటకు ముందు ఒక రేకుబండిలో కాచుకొనవలసివచ్చెను.

శత్రువు నీరు

ఇక బండి కట్టుబడి. అడుగున ఉక్కు చట్రము. దానిపై ప్లయివుడ్డు నేల. ఆ నేల అంచులపై అల్యూమినియపు పక్కటెముకలు. వానికి వెలుపలను లోపలను రేకు. నడుమ వేడి, చలి చొఱకుండ దూదివంటి గాజునార. వెలుపలి రేకు మందము ఇంచుమించు 0.8 మిల్లీమీటరు మాత్రమే. ఇందు ప్రత్యేకముగా స్తంభములు, దూలములు లేవు. రేకు, ఎముక, నేల, చట్రము నాలుగును కలిసి ఒకదాని నొకటి మోయుచుండును. ఉమ్మడికుటుంబమున ఒకరు కుంగిన తక్కినవారిపై బరువు పడునట్లు, ఇందు నేల కుళ్లినచో గోడయు, చట్రమును బలహీనములగును.

అల్యూమినియము ఇనుమువలె త్రుప్పుపట్టి రాలిపోదు. కావున వెలుపల బండి చెక్కుచెదరనట్లే కనబడును. కాని కిటికీల అంచులనుండి, కప్పుమీది గాలిరంధ్రములనుండి, దీపపు బుడ్డీల సందులనుండి, వెనుక బంపరుకడ నుండు అతుకునుండి చుక్కచుక్కగా నీరు దిగి గోడలోపల జారి నేల అంచును చేరును. ఏండ్లకొలది నట్లు నానిన ప్లయివుడ్డు అటుకులవలె మెత్తనగును. పైన తివాచీ పఱచియుండుటచే ఎవరికిని తెలియదు. కావున కొనుటకు పూర్వమే తివాచీ మూలలెత్తి, వాకిటికడను, కిటికీల క్రిందను, వెనుకగోడ పొడవునను సన్నని మొనగల పనిముట్టుతో నేలను పొడిచి చూడవలెను. మొన దిగబడినచో, అమ్మువాడు చెప్పిన వెలకు నేలపని వ్యయమును చేర్చి లెక్కించుకొనవలెను. వెనుక బంపరుపై నొకరు నిలిచి ఊగునపుడు బంపరు క్రుంగి, గోడ కదలక నిలిచెనా, చట్రమునుండి గోడ విడిపోయినదని యర్థము. అట్టి బండిని బాగుచేయుటకు ఒక్కొక్కప్పుడు గోడలు, కప్పు కలిసిన గుల్లనంతటిని చట్రమునుండి విప్పి పైకెత్తవలసియుండును. ఇది సెలవుదినముల వినోదము కాదు, నెలల పని.

నీరు వచ్చుచోటు కనుగొనుటకు ఒక చక్కని యుపాయము కలదు. రంధ్రములన్నియు మూసి, గాలి నూదు యంత్రముతో లోనికి గాలి నింపి, వెలుపల అతుకులపై సబ్బునీరు చల్లుదురు. సందున్నచోట బుడగలు లేచును. అచ్చట పాత బంక గీకివైచి, కొత్త బంక పూయవలెను. సిలికాను బంక మాత్రము వాడరాదు. అది ఊడిన తరువాత దాని జిడ్డుమీద మఱి యే బంకయు, ఏ రంగును అంటదు.

ఇద్దఱు చేయవలసిన పని

చెడిన రేకును మార్చుటకు రివెట్లు కొట్టవలెను. వెలుపల నొకరు గాలిసుత్తితో కొట్టుచుండగా, లోపల నొకరు బరువైన ఉక్కుదిమ్మెను రివెట్టు మొనకు ఆనించి పట్టవలెను. ఇద్దఱికి నడుమ గోడ యుండుటచే ఒకరి నొకరు చూడలేరు. కేకతోనో, తట్టుటతోనో సంకేతము తెలుపుకొందురు. ఒకరు తొందరపడినను రేకు నొక్కుకొనును. రోకటిపోటు వేయునపుడు ఎదుటివారి లయ కనిపెట్టుట యెఱిగిన మన స్త్రీలకు ఇందు క్రొత్త లేదు. ఈ పని పురుషులదని చెప్పువారికి ఇదియే మా సమాధానము: గోడకు రెండువైపుల చేతులుండినగాని రివెట్టు నిలువదు.

పాత గోడలను విప్పునపుడు జాగ్రత్త వలయును. గాజునారలో ఎలుకలు గూళ్లు పెట్టియుండును. వాని పెంటను పొడిగా ఊడ్చినచో ఆ ధూళివలన హంటావైరస్ అను ప్రాణాపాయకరమైన వ్యాధి అంటవచ్చును. తలుపులు తెఱచి గాలి ఆడనిచ్చి, ముక్కునకు నోటికి తగిన ముసుగు, చేతులకు తొడుగులు వేసికొని, క్రిమిసంహారక ద్రవముతో తడిపి, పిమ్మట తుడిచి తీయవలెను. పాత నేలబిళ్లలలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. పరీక్షింపక వానిని పగులగొట్టరాదు. పిల్లలను ఈ దినములలో బండి దరిదాపులకు రానీయరాదు.

ప్రాణముతో కూడిన విషయములు

మెఱుగు లేకపోయినను యాత్ర సాగును. చక్రము, బ్రేకు, గ్యాసు సరిగా లేకున్న కుటుంబమే యాపదపాలగును. టైరు గాడులు లోతుగా నున్నవని నమ్మరాదు. నిలిచియున్న బండి టైరు ఎండకు, కాలమునకు లోలోపల పగులును. టైరు ప్రక్కనుండు సంకేతపు చివరి నాలుగంకెలు తయారైన వారమును, సంవత్సరమును తెలుపును. 2319 అని యున్న 2019వ సంవత్సరపు 23వ వారమని తెలిసికొనునది. అయిదాఱేండ్లు దాటిన టైరులను మార్చుట మేలు. 1960లనాటి బండ్ల ఇరుసులలో కుదుపు నాపుటకు రబ్బరు కడ్డీలుండును. అవి గట్టిపడినచో ప్రతి కుదుపును రివెట్లకే తగులును గనుక ఇరుసునే మార్చవలెను. సామాను సర్దుటయు ముఖ్యమే. బండి మొత్తపు బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు కారు తగులుకొను ముక్కుపై పడునట్లుండవలెను. బరువంతయు వెనుక వేసినచో బండి త్రోవలో పామువలె ఊగి కారును సైతము పడద్రోయును.

గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలమట్టమున నిలుచును. గొట్టముల కీళ్లపై సబ్బునీరు పూసి చూచుట మన వంటయింటి పద్ధతియే. అట్లే గ్యాసును, కార్బన్ మోనాక్సైడు అను వాసనలేని విషవాయువును పసికట్టి మ్రోగు పరికరములను తప్పక అమర్చవలెను. చలికి వెఱచి పొయ్యి వెలిగించి కిటికీలు మూసి నిద్రించుట మృత్యువును పిలుచుటయే.

మెఱుగు చివరిది

ఇవన్నియు ముగిసిన పిదపనే మెఱుగుమాట. మన యిండ్లలో ఇత్తడిబిందెను చింతపండుతో తోమి మెఱపింతుము. ఆ యలవాటు నిచ్చట చూపరాదు. పులుపును చాకలిసోడాయు రెండును అల్యూమినియమును తినివేయును. ఉక్కుపీచుతో రుద్దినచో ఇనుప రేణువులు రేకున దిగి త్రుప్పుమచ్చలు వేయును. 1950, 1960లనాటి రేకుపై శుద్ధమైన అల్యూమినియపు పలుచని పొర యుండును; అది రేకు మందములో ఒక్కొక్క వైపున నూటికి 5 పాళ్లే. అద్దమువలె మెఱయునది ఆ పొరయే, లోహమును కాపాడునదియు ఆ పొరయే. అతిగా రుద్దిన పొర పోవును. పోయినది మరల రాదు. 1960ల పిమ్మటి బండ్లపై వార్నీషువంటి పూత యుండును. దానిని ముందుగా తొలగించి, ఉన్నిగుడ్డ తగిలించిన యంత్రముతో ముతకనుండి సన్ననకు వరుసగా మెఱుగుపొడులు వాడవలెను. ఒకబండికి వారములు పట్టును.

అటుపిమ్మటి పోషణ తేలిక. నీడలో, రేకు చల్లగా నున్నపుడు మెత్తని సబ్బునీటితో కడుగవలెను. సముద్రతీరమున విడిసి వచ్చినచో ఉప్పు నిలువకుండ వెంటనే మంచినీరు పోయవలెను. అల్యూమినియమును ఇనుమును తడిలో నేరుగా తాకనిచ్చిన అల్యూమినియము కొఱుకుడుపడును. నడుమ పూతగాని, రబ్బరుగాని యుంచవలెను. ఏటేట అతుకులను పరీక్షించి బంక పూయవలెను. మంచుకాలమునకు ముందు గొట్టములలోని నీటిని పూర్తిగా తీసివేయవలెను. గడ్డకట్టిన నీరు గొట్టములను పగులగొట్టును. చక్రము విప్పి బిగించినపుడెల్ల 80 కిలోమీటర్లు పోయిన పిదప మరలను బిగువు చూడవలెను.

సోదరీమణులారా! పాతదానిని పాఱవేయక బాగుచేసికొనుట మన గృహధర్మములలో నొకటి. కాని బాగుచేయుటకును, పైకి మెఱపించుటకును భేదము కలదు. నేల, చట్రము, చక్రములను గూర్చిన లెక్క ముందు వేసికొనుడు. ఆ లెక్క మీ పొదుపునకు, మీ తీఱికకు మించినచో ఆ బండిని చూచి సంతోషించి విడిచిపెట్టుటయు వివేకమే. అద్దెకు తెచ్చుకొని వారము తిరిగివచ్చుటలో చిన్నతనము లేదు. లెక్క కుదిరినచో నిశ్చింతగా పనికి దిగుడు. పొడినేలపై బిడ్డలు నిశ్చింతగా నిద్రించు బండి మెఱయకున్నను ఇల్లే. నేల కుళ్లిన బండి వెండివలె మెఱసినను ఉత్త రేకుడబ్బా.