మెదడు వాపు తగ్గింది, షుగరెందుకు పెరిగింది?

మెదడులో గడ్డతో, విపరీతమైన తలనొప్పి, వాంతులతో బందరు నుంచో అవనిగడ్డ నుంచో విజయవాడ చేరిన రోగికి డాక్టర్లు తరచు ముందుగా మొదలుపెట్టేది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. మెదడు వాపుకు ఇది పనిచేస్తుందని 1961లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు చూపించారు. గడ్డ చుట్టూ రక్తనాళాల్లోంచి నీరు కారడం తగ్గి, ఒకటి రెండు రోజుల్లోనే మనిషి తేరుకుని అన్నం అడుగుతాడు. ఆ ఆకలి కూడా కొంత మందు పుణ్యమే. చూడ్డానికొచ్చే చుట్టాలు బందరు లడ్డూలు తెస్తారు!

మన ఒంట్లో ఊరే కార్టిసాల్ కన్నా ఈ మందు సుమారు 25 రెట్లు బలమైంది. దీని ప్రభావంతో కండల్లోని మాంసకృత్తులు కరుగుతాయి, వాటితో కాలేయం గ్లూకోజు తయారుచేస్తుంది. కండరాలేమో ఇన్సులిన్ మాట వినవు. అంతకుముందు షుగర్ లేనివాళ్లకూ రావచ్చు.

చిక్కేమిటంటే, పరగడుపు పరీక్షలో ఈ షుగర్ చాలాసార్లు దొరకదు. నాగాయలంకలోనైనా గుడివాడలోనైనా ల్యాబుకు వెళ్లేది తెల్లారగానే, కాఫీ కూడా తాగకుండా. 105 వచ్చిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. పొద్దున పూట మాత్ర వేసుకునే ఆ మనిషికే మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకు 300 దాటవచ్చు. ఈ మందు మీదున్నవాళ్లకు చూడాల్సింది ఆ మధ్యాహ్నపు లెక్క, రాత్రి భోజనానికి ముందు లెక్క.

2021 కరోనా రెండో దశలో ఈ పాఠం చాలా ఖరీదుగా నేర్చుకున్నాం. స్టెరాయిడ్లు, అదుపు తప్పిన షుగర్ కలిసి బ్లాక్ ఫంగస్‌కు దారి వేశాయి. ఆ మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. అప్పుడు మందు ఇచ్చింది ఊపిరితిత్తుల కోసం. షుగరుకు ఆ తేడా తెలియదు.

అయితే తలకు దెబ్బ తగిలి వచ్చిన మెదడు వాపుకు స్టెరాయిడ్ పనికిరాదు. పదివేల మందిపై జరిగిన అంతర్జాతీయ పరిశోధనలో అది మరణాలను పెంచింది. అక్కడ వాడేది మానిటాల్. 20 శాతం సీసా అంటే 100 మిల్లీలీటర్లకు 20 గ్రాములు. చలికి సీసాలో పలుకులు కడితే వేడినీళ్లలో పెట్టి, పూర్తిగా కరిగి చల్లారాకే ఎక్కించాలి. అది మెదడులోని నీటిని రక్తంలోకి లాగి మూత్రంగా పంపేస్తుంది. సోడియం మొదట పలచబడి తగ్గుతుంది, నీరు పోయాక పెరుగుతుంది. పొటాషియం కూడా మూత్రంలో పోతుంది. రోజూ రక్తం తీసేది అందుకే. నీరసమని కొబ్బరిబోండాలు తాగించేముందు డాక్టర్ని అడగాలి: బోండంలో పొటాషియం దండిగా ఉంటుంది, కిడ్నీ దెబ్బతిన్నవారికి అది గుండె లయ మీదికే వస్తుంది.

మెదడు వాపుకు నోటితో తాగించే గ్లిజరాల్ సంగతి వేరు. మానిటాల్ దాదాపు మారకుండానే బయటికి పోతుంది. గ్లిజరాల్‌ను కాలేయం గ్లూకోజుగా మార్చేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు ఈ తియ్యటి మందును లెక్కలో వేసుకోవాలి.

స్టెరాయిడ్ ఆపడంలోనూ జాగ్రత్త కావాలి. వారాలపాటు వాడితే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ తయారుచేయడం మానేస్తాయి. ఉన్నట్టుండి ఆపితే బీపీ, షుగర్ పడిపోతాయి. విజయవాడ న్యూరోసర్జన్ స్టెరాయిడ్ తగ్గిస్తూ పోతుంటే, గుడివాడ డాక్టర్ రాసిన ఇన్సులిన్ పాత మోతాదులోనే నడుస్తుంటే, అర్ధరాత్రి చెమటలు పట్టి షుగర్ 50కి దిగజారవచ్చు. రెండు చీటీలూ ఇద్దరు డాక్టర్లకూ చూపించండి.