సాధారణ ఆసుపత్రిలో మనసుకు చోటు

మదురై నాయకరాజుల కాలం నుండి మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇంట తెలుగు, బడిలో తమిళంతో తరతరాలుగా జీవిస్తూ, సేద్యంతోను నూలుమిల్లులతోను ఎదిగి, ఆసుపత్రులను కూడా నెలకొల్పాయి. పి.ఎస్.గోవిందస్వామి నాయుడు కుమారులు 1926లో స్థాపించిన ధర్మసంస్థ నేడు కోయంబత్తూరులో వైద్యకళాశాలను, దానికి అనుబంధంగా పెద్ద ఆసుపత్రిని నడుపుతున్నది. శరీరానికి ఇంత వైద్యం దొరికే ఈ దక్షిణసీమలోనే, రామనాథపురం జిల్లా ఏర్వాడిలోని ఒక ప్రైవేటు ఆశ్రయంలో 2001 ఆగస్టు 6న మంటలు చెలరేగగా, గొలుసులతో కట్టివేసి ఉంచిన మనోరోగులు కదలలేక 28 మంది మరణించారు. ఏర్వాడిలోని దర్గా మహిమను నమ్మి వారిని అక్కడ విడిచిన కుటుంబాలను నిందించడం తేలిక. ఊరికి దగ్గరలోని ఆసుపత్రిలోనే ఈ జబ్బును చూసేవారు ఉండి ఉంటే ఎందరు అంత దూరం వెళ్లేవారన్నది అసలు ప్రశ్న.

పూర్వం మనోరోగులకు మద్రాసు కీల్పాక్‌లోని ప్రత్యేక ఆసుపత్రి వంటివే దిక్కు. మిగతా రోగులతో పాటు వారికీ ఒకేచోట ఓపీ, పడకలు, మందులు ఏర్పరచడాన్ని సాధారణ ఆసుపత్రి మనోవైద్య విభాగం అంటారు. దేశంలో ఇటువంటి తొలి విభాగం 1933లో కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ ఆధ్వర్యంలో ప్రారంభమైంది. కుంగుబాటు, అనగా వారాల తరబడి దిగులుతో దేనిమీదా ఆసక్తి లేకుండా చేసే జబ్బు, ఉన్న మనిషి సాధారణంగా ఆ మాట చెప్పడు. నిద్ర పట్టడం లేదనో, గుండె దడ అనో, ఒళ్లంతా నొప్పులనో వస్తాడు, పరీక్షలన్నీ బాగానే ఉన్నాయనిపించుకుని తిరిగి వెళ్తాడు. పురుగుమందు తాగి క్యాజువాల్టీకి వచ్చినవారి ప్రాణం నిలిపి, వారి బాధ ఏమిటో అడగకుండానే ఇంటికి పంపితే చికిత్స సగమే జరిగినట్టు. ఇలాంటివారి కోసం ఇతర వార్డుల వైద్యులు పిలిచినప్పుడు మనోవైద్యుడు ఆ పడక దగ్గరకే వచ్చి చూసే ఏర్పాటును అనుసంధాన మనోవైద్యం అంటారు.

2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అన్ని స్థాయుల సాధారణ వైద్యంలోనూ మానసిక వైద్యాన్ని కలపాలని ప్రభుత్వాలను ఆదేశించడమే కాక, సమ్మతి అడిగే ముందు రోగికి అర్థమయ్యే భాషలో వివరించాలని కూడా చెబుతున్నది. తమిళం ధారాళంగా మాట్లాడే తెలుగు పెద్దలు కూడా భయాన్ని, దుఃఖాన్ని ఇంటిభాషలో చెప్పుకోవడం సహజం గనుక, తెలుగు తెలిసిన నర్సును పక్కన ఉంచుకోవడం ఈ ప్రాంతంలో వైద్యంలో భాగమే. మదురైలో 1992లో ఏర్పడిన ఎం.ఎస్.చెల్లముత్తు ట్రస్టు వంటి సంస్థలు ఎంత కృషి చేసినా, తాలూకా ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ ఇవ్వవలసింది ప్రభుత్వమే. నిద్రలేమి, దడ, దిగులు వారాల తరబడి తగ్గనివారు తాము వెళ్లే ఆసుపత్రిలోనే మనోవైద్య ఓపీ ఎక్కడని అడగాలి, లేకపోతే ఏర్పాటు చేయమని అడగాలి. అంతవరకు ఆగలేనివారికి ప్రభుత్వ టెలీమానస్ ఉచిత సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు అందుబాటులో ఉంది.