మబ్బు పట్టిన దినములలో ఒరుగులు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల గృహిణులకు కాయగూరల నెండబెట్టుటను గూర్చి క్రొత్తగా చెప్పవలసినదేమున్నదని కొందరికి తోచవచ్చును. ఫాల్గుణము దాటినది మొదలు మిద్దెల మీద మిరపకాయలు, వడియములు, సండిగలు, బాళకములు, మామిడి ఒరుగులు పరచి, పైన పలుచని పాత పంచె కప్పి, కాకులను తోలుటకు పిల్లవానినొకని కాపుంచుట మన తల్లులకును, వారి తల్లులకును తెలిసిన పనియే. ఎమ్మిగనూరు వంటి నేత యూరిలో కప్పుటకు గుడ్డకు కొదువ లేదు. చైత్ర వైశాఖముల యెండతో ఏ యంత్రమును పోటీపడజాలదు. అట్టి చోట డీహైడ్రేటరు అను విద్యుత్ పెట్టె యెందులకు?

ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము మన యెండలో లేదు. మన పంట చేతికి వచ్చు కాలములో నున్నది. మే నెలలో ఎండ పుష్కలము, కాని కూరగాయలు ప్రియము. పత్తికొండ, ఆస్పరి, దేవనకొండ ప్రాంతముల టమాటా వర్షాకాలపు పైరుగా సంతకు దిగుసరికిని, ఉల్లి గడ్డలు పెరికి కుప్పవేయుసరికిని ఆకాశము మబ్బుపట్టి యుండును. రాయలసీమకు సెప్టెంబరు మాసమే ముఖ్యమైన వర్షకాలము. అనగా సరకు చవుకగా నున్నప్పుడు ఎండ లేదు. ఎండ యున్నప్పుడు సరకు లేదు. టమాటా కిలో ఒక రూపాయికి, రెండు రూపాయలకు దిగి, బండి కూలియైన గిట్టక రైతులు బాట ప్రక్కన పారబోసిన సంవత్సరములు ఒకటి రెండు కావు. 2025లో కర్నూలు ఉల్లి ధర పడిపోగా, క్వింటాలు 1,200 రూపాయల చొప్పున ప్రభుత్వమే కొనుటకు పూనుకొనవలసి వచ్చినది. ఆ దినములలో నొక గంప టమాటా ఇంటికి తెచ్చిన గృహిణికి మిద్దె యక్కరకు రాదు. ముక్కలు పరచిన మరునాటికే బూజు కనిపించును.

ఇచ్చట నొక సంగతి గ్రహింపవలెను. తడిని తీయునది కేవలము వేడి కాదు. పొడిగా నుండి కదలుచుండు గాలి. వానకాలపు గాలి యిదివరకే తేమతో నిండి యున్నందున ముక్కలలోని తడిని త్రాగజాలదు. కాని అదే గాలిని కొంచెము వేడిచేసినచో దాని దప్పిక పెరుగును. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నూటికి 80 పాళ్ళు తేమ గల గాలిని 55 డిగ్రీలకు వేడిచేసినయెడల, ఆ తేమ యే మాత్రమును తీసివేయకున్నను, దాని సాపేక్ష ఆర్ద్రత సుమారు 16 పాళ్ళకు దిగిపోవును. వేసవి మధ్యాహ్నపు గాలివలె అది తడిని పీల్చుకొనును. డీహైడ్రేటరు చేయు పని యంతయు నింతే. ఒక పెట్టె, అందు వేడెక్కు తీగచుట్ట, గాలిని త్రిప్పు పంకా, జల్లెడవంటి తట్టలు, ఉష్ణోగ్రతను నిలుకడగా నుంచు మీట. ఇందులో మహాశాస్త్ర రహస్యమేమియు లేదు. భాద్రపద మాసమున ఒక గూటిలో వైశాఖమును సృష్టించుటయే యిది.

వేడి యెక్కువైనకొలది త్వరగా నెండుననుకొని మీటను చివరివరకు త్రిప్పువారు కలరు. ఫలితము విపరీతముగ నుండును. ముక్క పైపొర బిరుసెక్కి తలుపు మూసినట్లగును. లోపలి తడి వెలికి రాజాలదు. పైకి గలగలలాడుచున్న ముక్క పది దినములకు సీసాలో మెత్తబడి బూజుపట్టుటకు ఇదియే కారణము. కూరగాయలకు 52 మొదలు 57 డిగ్రీలు, పండ్లకు 57 డిగ్రీలు చాలును. కరివేపాకు, కొత్తిమీర, మెంతికూర వంటి ఆకులకు 40 డిగ్రీలు దాటినచో పరిమళము గాలిలో కలిసిపోవును.

ముక్కలు సమానమైన మందమున నుండుట అన్నిటికంటె ముఖ్యము. అర సెంటిమీటరు మందము మంచిది. కత్తిపీట మీద నలవాటైన చేతికిది కష్టము కాదు. ఒకటి మందముగ, ఒకటి పలుచగ నున్నచో పలుచనిది మాడునప్పటికి మందమైనది పచ్చిగనే యుండును. టమాటాను, ఉల్లిని, మిరపను కోసి నేరుగా తట్టలపై నొక్క వరుసగా పరవవచ్చును. గోరుచిక్కుడు, బీన్సు, క్యారెట్టు వంటివానిని ముందుగా మరుగు నీటిలో రెండు మూడు నిముషములు ముంచి, వెంటనే చన్నీటిలో వేసి, నీరోడ్చి పరవవలెను. కోసిన పిదప కూడ కాయలో ఎంజైములు పనిచేయుచునే యుండును; రంగు, రుచి చెడుట వానివలననే. ఆ మరుగు నీరు వాని పనిని ఆపివేయును. అరటి, ఆపిలు ముక్కలు నల్లబడకుండ నిమ్మరసము కలిపిన నీటిలో కొన్ని నిముషములుంచినచో చాలును. బజారులో అమ్ము ఎండుపండ్లకు గంధకపు లవణములు వాడుదురు గాని, ఉబ్బసము గలవారికి అవి సరిపడకపోవచ్చును. ఇంటి వాడుకకు వాని యవసరము లేదు.

టమాటా ముక్కలకు ఎనిమిది మొదలు పండ్రెండు గంటలు, కొన్ని వేళల నంతకంటె నెక్కువయు పట్టును. ఉల్లికి కొంత తక్కువ. ఉల్లి నెండించు దినమున ఆ వాసన వీధి చివరి యింటివారికిని తెలియును. పెట్టెను వరండాలో నుంచుట మేలు. నడుమ కరెంటు పోయినచో పెట్టె తలుపు మూసియుంచరాదు. వెచ్చదనము, తడి, నిలిచిన గాలి, ఈ మూడును కూడిన చోటు బూజునకు పుట్టినిల్లు. తట్టలను వెలుపలికి తీసి గాలి యాడుచోట నుంచి, కరెంటు వచ్చిన వెంటనే తిరిగి పెట్టవలెను.

ఖర్చు మాట కూడ చెప్పవలెను. మూడు కిలోల టమాటాలో నీరే సుమారు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. అది పోగా మిగులునది రెండు వందల గ్రాములు మాత్రము. అయిదు వందల వాట్ల పెట్టె పది గంటలు ఎడతెగక నడచినచో అయిదు యూనిట్ల విద్యుత్తగును. కిలో నలుబది రూపాయలకు టమాటా కొని యిట్లెండించుట అవివేకము. కిలో అయిదు రూపాయలకు లోపున్న వారములలోను, పెరటి కాయలు ఒక్కమారుగా పండినప్పుడును మాత్రమే పెట్టె తన తిండిని తాను సంపాదించుకొనును. వేసవిలో దానికి సెలవు ఇచ్చి మిద్దెనే నమ్ముట నా సలహా. అప్పుడును ఎర్రని, పచ్చని కూరలను నేరుటెండలో కాక పైన గుడ్డ కప్పి యెండబెట్టవలెను. తీక్ష్ణమైన వెలుతురు ఎ విటమినునకు మూలమైన కెరోటినును చెరచును. ఎట్లెండించినను సి విటమిను కొంత పోవును.

అమ్మకమునకై పెద్ద యెత్తున నెండించువారికి విద్యుత్తుకంటె సౌరశక్తి లాభకరము. మన జిల్లాలోనే కల్లూరు మండలము తడకనపల్లెలో పొదుపు సంఘముల స్త్రీలు 2023 నాటికే సౌర యంత్రములతో ఉల్లి, టమాటాల నెండించుచుండిరి. ఇంటిలోనైనను, నల్లరంగు పూసిన తట్టపై అద్దము గాని, ప్లాస్టిక్ పొర గాని బిగించి, క్రింద నొక సందును, మీద నొక సందును గాలికి విడిచినచో చిన్న సౌరపేటిక సిద్ధమగును. దుమ్ము, ఈగలు, జిన్నింగు మిల్లుల దూది పోగులు దాని దరి చేరవు. మబ్బునాడు మాత్రమది మన మిద్దెవలెనే నిస్సహాయము.

మిరపకాయ, వేరుసెనగ విషయమున నొక హెచ్చరిక. తడి నేల మీద, మెల్లగా నెండిన వీనిలో ఆస్పర్‌జిల్లసు అను బూజు పెరిగి ఆఫ్లటాక్సిను అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చినప్పుడు, వానికి పెట్టిన వేరుసెనగ పిండిని పరీక్షించిన పిదపనే యీ విషము లోకమునకు తెలిసినది. వంట వేడికిది పూర్తిగా నశింపదు. బూజును తుడిచి వాడుకొందమనుట తగదు. అట్టి కాయలను పారవేయవలెను.

ఎండిన కూరముక్క విరిచిన పుటుక్కున విరుగవలెను. పండు ముక్క తోలువలె వంగవలెను గాని నొక్కిన తడి కనబడరాదు. పూర్తిగా చల్లారిన పిదపనే సీసాకెత్తవలెను. పండ్లను మూడు వంతులలో రెండు వంతులు మాత్రము నింపి, వారము పది దినములు రోజు కొకమారు కుదుపుచుండినచో, ఒక ముక్కలో మిగిలిన తడి మరియొక ముక్కకు సమముగ పంచబడును. లోపలి గోడపై నీటి చుక్క కనబడినచో ఆ సీసా అంతయు మరల పెట్టె లోనికి పోవలసినదే. మూత బిగించి, చల్లగా చీకటిగా నుండు చోట నుంచవలెను. పొయ్యి పైనున్న గూడు దీనికి పనికిరాదు.

వేసవిలో టమాటా ప్రియమైన దినమున గుప్పెడు ముక్కలను గోరువెచ్చని నీటిలో అరగంట నానవేసి, ఆ నీటితో సహా పప్పులో వేయవచ్చును. నానవేయకయే వేయించి, వేరుసెనగ గింజలు, ఎండుమిరప, ఉప్పు చేర్చి దంచిన పొడి జొన్నరొట్టెకు బాగుగ నుండును. ఆ పొడికి చింతపండు అక్కరలేదు. టమాటా పులుపే సరిపోవును.