పే స్లిప్పుల మీద నిలిచే కాపురం
బ్రిటన్ పౌరుడు విదేశీయురాలిని పెళ్లాడి అక్కడే కాపురం పెట్టాలంటే పెళ్లి సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, ఆరు నెలల పే స్లిప్పులూ కావాలి. 2012 జులైలో ఏడాదికి 18,600 పౌండ్లుగా పెట్టిన కనీస ఆదాయ పరిమితి 2024 ఏప్రిల్‌లో 29,000కు చేరింది. జీతం లేకుండా పొదుపునే నమ్ముకుంటే 88,500 పౌండ్లు ఆరు నెలలపాటు తగ్గకుండా ఖాతాలో ఉండాలి. అసలు తిరకాసు మరోచోట ఉంది. హైదరాబాద్‌లో భార్య ఎంత సంపాదిస్తున్నా ఆ జీతం తొలి దరఖాస్తులో మామూలుగా లెక్కకు రాదు. బ్రిటన్ వెళ్లాక ఆమె చేయబోయే ఉద్యోగం సంగతీ అంతే.

వచ్చినవాళ్లు ఖజానాకు భారం కాకూడదు కదా అంటారు. న్యాయమే. కానీ ఈ వీసాదారులకు చాలా సంక్షేమ భత్యాలు ఎటూ అందవు. వైద్యానికి సర్‌చార్జి ముందే కడతారు. పైగా లండన్ జీతానికీ చిన్న ఊరి జీతానికీ ఒకటే గీత! 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఈ పరిమితి సూత్రరీత్యా చెల్లుతుందంది, నిజమే. అయితే పిల్లల మేలును నిబంధనలు సరిగా పట్టించుకోలేదని తప్పుబట్టింది. ఆ తర్వాతే అసాధారణ పరిస్థితుల్లో భార్యకు రాబోయే సంపాదననూ చూడటం మొదలైంది. ఆ మినహాయింపునే అందరికీ నియమం చేస్తే ఖజానాకు పోయేదేమీ లేదు.