రక్తం గడ్డకట్టడం మానేస్తే?

వేలు తెగితే కాసేపటికి రక్తం దానంతట అదే ఆగిపోతుంది. ఎందుకని? మన రక్తంలో ఫైబ్రినోజెన్ అనే ప్రోటీను కరిగి ఉంటుంది. గాయమైన చోట అది సన్నని దారాలుగా మారి వల అల్లుతుంది. ఆ వలలో రక్తకణాలు చిక్కుకుని గడ్డ ఏర్పడుతుంది. ఇందుకు కావలసిన ప్రోటీన్లను చాలావరకు కాలేయమే తయారు చేస్తుంది.

గుండెలో కృత్రిమ కవాటం అమర్చిన వారికి గడ్డలు కట్టకుండా డాక్టర్లు వార్ఫరిన్ వంటి మందు ఇస్తారు. దీన్ని 'రక్తం పలచన చేసే మందు' అంటాం గాని, నిజానికి రక్తం పలచబడదు. విటమిన్ 'కె' సాయంతో కాలేయం చేసే కొన్ని ప్రోటీన్ల తయారీ తగ్గుతుంది, అంతే. మోతాదు మించితే రక్తస్రావం కావచ్చు. అరుదుగా మెదడులో కూడా. అందుకే తరచు రక్తపరీక్ష చేసి మోతాదు సరిచూస్తారు.

ఏ మందూ వాడని మనిషికి కూడా ఇలాంటి ప్రమాదం తెచ్చే పాము ఒకటి ఖమ్మం పొలాల్లోనూ, భద్రాచలం అడవి అంచుల్లోనూ ఉంది. అదే రక్తపింజర. 18వ శతాబ్దంలో విశాఖపట్నంలో ఉండి మన పాములను పరిశీలించిన ప్యాట్రిక్ రస్సెల్ పేరు మీద ఇంగ్లీషులో దీన్ని 'రస్సెల్స్ వైపర్' అంటారు. 1796లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన దీనికి 'కాటుక రేకుల పొడ' అనే తెలుగు పేరునే ఇచ్చాడు.

దీని విషం చేసే పని వింతగా ఉంటుంది. అది రక్తాన్ని మొదట గడ్డకట్టిస్తుంది! అవసరం లేని చోట్ల దారాలు ఏర్పడి, ఫైబ్రినోజెన్ నిల్వ అంతా ఖర్చయిపోతుంది. ఆ తర్వాత గాయమైతే వల అల్లడానికి ఏమీ మిగలదు. చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం పడవచ్చు. మందు తయారీని తగ్గిస్తే, విషం నిల్వను ఖాళీ చేస్తుందన్న మాట.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూస్తారు. అప్పటికీ నీళ్లలా జారితే విషం పనిచేస్తోందని అర్థం. వెంటనే విషానికి విరుగుడు సూదిమందు ఎక్కిస్తారు. అది విషాన్ని అణచగలదే గాని ఖర్చయిన ప్రోటీన్లను తిరిగి ఇవ్వలేదు. వాటిని కాలేయమే మళ్లీ తయారు చేసుకోవాలి. అందుకే 6 గంటల తర్వాత పరీక్ష మళ్లీ చేస్తారు.

ఇప్పుడు చెప్పండి, పాము కరిచిన చోట బ్లేడుతో కోయవచ్చా? గడ్డకట్టని రక్తం ఆ కోతలోంచి కారుతూనే ఉంటుంది! కోయవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. కరిచిన కాలిని గాని, చేతిని గాని కదలనివ్వకుండా, మంత్రాలతో పొద్దు పుచ్చకుండా, మనిషిని నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి. ఈ సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి.