అతిసారము - మందులకు లొంగని క్రిములు



మా తొండూరు ప్రాంతమున వేసవి ముదిరినంతనే బావులు, బోరులు అడుగంటును. తొలకరి చినుకులు పడి క్రొత్తనీరు పారగానే అతిసారము గూడ వెంటవచ్చును. బిడ్డకు విరేచనములు మొదలైన తోడనే అంగడికి మనిషిని బంపి "గట్టి మాత్ర" తెప్పించుట మన యిండ్లలో వాడుకయైపోయినది. మేమును అట్లే చేసితిమి.

రెండేండ్ల క్రిందట మా చిన్నవానికి నీళ్ల విరేచనములు కాగా, అంగడిలో నిచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు రెండు దినములు వేసి, వాడు లేచి యాడుకొనగానే తక్కినవి దాచితిమి. మరుసటి యేడు వానికి నెత్తురు, జిగటతో విరేచనములు పట్టెను. దాచిన మాత్రలే మూడు దినములు వేసినను తగ్గలేదు. పిమ్మట వైద్యుడు మలమును పరీక్షింపించి, ఆ క్రిమి మేము వేసిన మందునకు లొంగదని తేల్చి, వేరొక మందుతో బిడ్డను దక్కించెను. మా మాత్రల వలననే ఆ క్రిమి మొండిదయ్యెనని చెప్పజాలము. కాని ఆ మూడు దినముల యాలస్యము మాత్రము మేము చేసినదే. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ మందుల చరిత్రలో మన తెలుగువాని పాలు గొప్పది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు గ్రహణి రోగమువలన సోదర వియోగ దుఃఖము ననుభవించినవారు. ఆయన అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు అధిపతిగా నుండగా, అచ్చట బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును 1945లో కనుగొనెను. 1948లో లోకమునకు వెల్లడియైన ఆ మందే టెట్రాసైక్లిన్ జాతి మందులకు తొలిబిడ్డ. కలరా రోగులకు ఆ జాతి మందులు చిరకాలము అక్కరకు వచ్చినవి.

అట్టి మందులు నేడేల పనిచేయవు? క్రిములు కొన్ని యిరువది నిమిషముల కొకమారు రెండింతలగును. కోట్లలో ఏ యొక్కటియో మందును తట్టుకొను నేర్పుతో పుట్టును. మందు తక్కినవానిని చంపగా, ఆ యొక్కటి యడ్డులేక పెరుగును. ఇంతేకాదు. పొరుగింటికి మనము తోడు పెరుగు నిచ్చినట్లు, ఒక క్రిమి తన నేర్పును మరియొక జాతి క్రిమికి సైతము ఇయ్యగలదు! జపాను దేశమున జిగట విరేచనముల క్రిమియగు షిగెల్లా నాలుగు మందులకు ఒక్కమారే లొంగకుండుట 1950 తరువాతి యేండ్లలో కానవచ్చెను. ఆ నేర్పు ప్రేవులలోని యితర క్రిములతో ఇచ్చిపుచ్చుకొనబడుచున్నదని అచ్చటి శాస్త్రజ్ఞులు 1959లో కనుగొనిరి. కావున జలుబునకు ఊరక మ్రింగిన మాత్ర గూడ మన కడుపులోని సాధుక్రిములకు మొండితనము నేర్పును. ఆపై చెడుక్రిమి వచ్చినప్పుడు ఆ విద్య దానికి నందవచ్చును.

టాంజానియా దేశమున 1977లో కలరా వ్యాపింపగా, రోగులకేగాక ఆరోగ్యవంతులకును టెట్రాసైక్లిన్ విరివిగా పంచిరి. ఐదు నెలలలో అచ్చట దొరికిన కలరా క్రిములలో నూటికి 76 ఆ మందునకు లొంగనివయ్యెను. మన దాపుననే మరియొక యుదాహరణ కలదు. హైదరాబాదు చెంత పటాన్‌చెరులో మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని స్వీడను పరిశోధకులు 2007లో ప్రకటించిరి. ఆ మందు సేవించు రోగి రక్తమునందును అంత యుండదు.

అయినచో గృహిణి యేమి చేయవలెను? పసిబిడ్డల నీళ్ల విరేచనములలో పెక్కు వైరసులవలన గలుగునవి. వానిపై యాంటీబయాటిక్ పనిచేయదు. అట్టి వైరసులలో ముఖ్యమైన రోటావైరసునకు టీకా యున్నది. 2016లో ప్రభుత్వము తొలుత దీనిని ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. బిడ్డకు తప్పక వేయింపుడు.

అతిసారమున ప్రాణము తీయునది సాధారణముగా ఒంటిలో నీరు, ఉప్పు హరించుటయే. 1971లో బంగాళాదేశ్ శరణార్థుల శిబిరమున దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు ఉప్పు, చక్కెర కలిపిన నీటినే త్రాగించి వేల ప్రాణములు నిలిపెను. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లము నొకదానిని కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపుడు. పొట్లము లేనియెడల లీటరు నీటికి చిన్నచెంచాతో ఆరు తలగొట్టిన చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు చాలును. ఉప్పు మించరాదు. చనుబాలు, గంజి మానరాదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు వైద్యుని మాటపై జింకు 20 మిల్లీగ్రాముల వంతున 10 మొదలు 14 దినములు ఇయ్యవలెను.

మలములో నెత్తురు కనబడినను, కన్నులు లోతుకు పోయినను, మూత్రము రాకున్నను, బిడ్డ మగతగా నుండి త్రాగలేకున్నను ఒక్క గడియయు ఆగక ఆసుపత్రికి గొనిపొండు. అచ్చట యాంటీబయాటిక్ వ్రాసినచో చెప్పిన మోతాదున, చెప్పినన్ని దినములు వేయుడు. అట్టపై ఎఱ్ఱగీత యున్న మందును వైద్యుని చీటి లేక కొనరాదు. మిగిలినదానిని దాచరాదు, పొరుగువారికి ఈయరాదు.

మా యింటి మందులపెట్టెలో నేడు పాత మాత్రలు లేవు. వాని చోట ఓఆర్‌ఎస్ పొట్లములు నాలుగున్నవి. నీటి బిందెపై మూత, దొడ్డికి పోయివచ్చిన వెనుకను, వంటకు ముందును సబ్బుతో చేతులు కడుగుట - ఇవి యే క్రిమియు మొండికెత్తలేని మందులు. ఇవి మన చేతిలోనివే గదా!