రొయ్య చెరువులో వైరస్ పంపే దొంగ చీటీ

ఫ్రిస్కోలో ఇండియన్ స్టోర్‌కి వెళ్లినా, పెద్ద అమెరికన్ దుకాణంలో ఫ్రీజర్ తలుపు తెరిచినా రొయ్యల ప్యాకెట్‌ని ఓసారి వెనక్కి తిప్పి చూడండి. ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా’ అని తరచూ కనిపిస్తుంది. ఇండియా అంటే ఇక్కడ చాలావరకు మన కోస్తానే. రొయ్యల సాగులో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు మనవాళ్ల ఫోన్లలో అదే మాట. కానీ సుంకాల కన్నా చాలా ముందు నుంచి రైతుని వణికిస్తున్నది ఒకటుంది. తెల్లమచ్చ, అదే వైట్ స్పాట్ వైరస్.

1990ల మొదట్లో తూర్పు ఆసియాలో బయటపడి, 1994-95లో మన తీరానికి చేరింది. అప్పట్లో టైగర్ రొయ్యంటే బంగారం. వరి చేలు తవ్వి చెరువులు చేసిన రోజులు. నిన్నటిదాకా మేత బాగా తిన్న రొయ్య ఇవాళ మేత మానేసి గట్టు వారకి చేరుతుంది. పెంకు మీద తెల్ల చుక్కలు. చెరువు మీద కాకులు ముసిరాయంటే రైతు గుండె జారిపోయినట్టే. మూడు నుంచి పది రోజుల్లో చెరువంతా తుడిచిపెట్టుకుపోవచ్చు. కౌలు, సీడు, మేత, డీజిలు అన్నీ అప్పే కాబట్టి చెరువుతోపాటు ఇల్లూ మునుగుతుంది. (తినేవాళ్లకి భయం లేదు, ఈ వైరస్ మనుషులకి సోకదు.)

ఇంత వేగంగా ఎలా గెలుస్తుంది? దానికి శాస్త్రవేత్తలు కనిపెట్టిన జవాబుల్లో ఒకటి నాకు భలే ఆశ్చర్యంగా అనిపించింది. వైరస్ చేతిలో ఆయుధాలే కాదు, దొంగ చీటీలు కూడా ఉన్నాయి. వాటి పేరు మైక్రో ఆర్‌ఎన్‌ఏ.

నేను సైట్లో పనిచేసేవాణ్ని కాబట్టి నా భాషలో చెబుతాను. అసలు ప్లాను ఆఫీసులో భద్రంగా ఉంటుంది. అది డీఎన్‌ఏ. దాని నకలు మేస్త్రీ చేతికి వెళ్తుంది. అది ఆర్‌ఎన్‌ఏ. నకలు చూసి కట్టే గోడ, స్తంభం ప్రోటీన్లు. ఇప్పుడు ఆ నకలు మీద సరిగ్గా ఒక లైను దగ్గర ఎవరో చిన్న కాగితం ముక్క అంటించారనుకోండి. మేస్త్రీ ఆ లైను చదవలేడు, ఆ పని ఆగిపోతుంది. ఆ ముక్కే మైక్రో ఆర్‌ఎన్‌ఏ. పొడవు సుమారు 22 అక్షరాలు. మన ఒంట్లో, మొక్కల్లో, పురుగుల్లో అన్నిట్లో ఇవి ఉంటాయి, ఏ పని ఎంత జరగాలో చూసుకుంటాయి. మొదటిది 1993లో ఒక చిన్న నులిపురుగులో దొరికింది. దానికే విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకి 2024లో నోబెల్ వచ్చింది.

2004లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో థామస్ టుష్ల్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. మనుషులకి సోకే ఎప్‌స్టైన్-బార్ వైరస్ కూడా ఇలాంటి ముక్కలు తయారుచేస్తోందట! మరుసటి ఏడాది క్రిస్టఫర్ సల్లివాన్, డాన్ గానెమ్ బృందం ఎస్‌వీ40 అనే కోతుల వైరస్‌లో ఇదే చూపించింది. ఆ వైరస్ తన సొంత ప్రోటీన్‌నే తగ్గించుకుని, కాపలా కణాల కంట పడకుండా తప్పించుకుంటుంది. సల్లివాన్ ఆ తర్వాత మన టెక్సాస్‌లోనే, ఆస్టిన్ యూనివర్సిటీలో ఈ పరిశోధన కొనసాగించారు.

గుడిసె పీకనివ్వని వైరస్

ఇక మన రొయ్య సంగతి. ఊళ్లో తాటాకిళ్లు అంటుకుంటే పెద్దలు ఏం చేసేవారు? పక్క గుడిసె కప్పు పీకి పారేసేవారు, మంట ముందుకి పాకకుండా. రొయ్య కణం కూడా అంతే. వైరస్ లోపలికి వచ్చిందని తెలిస్తే తనని తానే చంపుకుంటుంది, నకళ్లు అచ్చయ్యేలోపే. ఈ ఆత్మాహుతిని మొదలుపెట్టే ప్రోటీన్లలో ఒకటి కాస్పేస్-8. చైనాలోని జెజియాంగ్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2014లో తేల్చిందేమిటంటే, తెల్లమచ్చ వైరస్ పంపే ఒక చీటీ వెళ్లి సరిగ్గా ఈ కాస్పేస్-8 నకలు మీదే అంటుకుంటుంది. గుడిసె పీకేవాడి చేతులు కట్టేసినట్టు! కణం బతికే ఉంటుంది, వైరస్ తీరిగ్గా అచ్చేసుకుంటుంది. ఆ చీటీని అడ్డుకుంటే కణాల ఆత్మాహుతి పెరిగింది, వైరస్ నకళ్లు తగ్గాయి.

ఇంకో చిత్రం, ఈ చీటీలని కత్తిరించడానికి వైరస్ కత్తెర తెచ్చుకోదు. రొయ్య కణంలో ఉన్న కత్తెరనే వాడుకుంటుంది. సుమారు మూడు లక్షల అక్షరాల జన్యువున్న వైరస్ ఇరవై రెండక్షరాల పనికి కూడా పక్కవాడి పనిముట్లే వాడుతుందంటే పిసినారితనం అనాలా, తెలివి అనాలా!

మరి మందు వచ్చినట్టేనా? రాలేదు. ఆ ప్రయోగాలు కురుమా అనే రొయ్య జాతి మీద ప్రయోగశాలలో జరిగాయి, మన వెనామీ చెరువులో కాదు. రొయ్యకి మనలాగా యాంటీబాడీలు తయారుకావు కాబట్టి మామూలు టీకా దారీ కష్టమే. వైరస్ జన్యువుకి సరిపోయే రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏని రొయ్యకి సూదితో ఎక్కిస్తే రక్షణ వస్తుందని ప్రయోగశాలల్లో చూపించారు. అంటే చీటీకి ఎదురు చీటీ. కానీ ఎకరా చెరువులో లక్షల రొయ్యలకి సూది వేసేదెవరు? మేతలో కలిపి ఇచ్చే దారులు వెతుకుతున్నారు. ఈలోగా ‘వైట్ స్పాట్‌కి గ్యారంటీ మందు’ అని ఎవరైనా డబ్బా అమ్మితే మీవాళ్లని కొనొద్దనండి.

2009లో వెనామీ సాగుకి అనుమతి వచ్చాక హేచరీలకి తల్లి రొయ్యలు చాలావరకు ఫ్లోరిడా, హవాయి నుంచే వెళ్లాయి. అవి రోగం లేనివి, అంతేగాని రోగం రానివి కావు. ఈ తేడా చాలామంది పట్టించుకోరు. శుభ్రమైన పిల్లని తెచ్చి వైరస్ ఉన్న నీళ్లలో వదిలితే అదీ చస్తుంది. మనలో కొందరు ఇక్కణ్నుంచి జీతం డబ్బు పంపి ఊళ్లో చెరువు కౌలుకి వాటా పెడుతున్నారు. పంపేముందు ఫోన్లో మూడు ప్రశ్నలు అడగండి. సీడుకి పీసీఆర్ పరీక్ష చేయించారా? చెరువు ఆరబెట్టి, నీళ్లు పెట్టాక బ్లీచింగ్ చేశారా? చుట్టూ పీతలు దూరకుండా వల కట్టారా? పీత ఈ వైరస్‌ని ఒంట్లో పెట్టుకుని కూడా తను చావకుండా చెరువు నుంచి చెరువుకి నడిచి మోసుకెళ్లగలదు.